బస్టాప్‌లో సిగరెట్: కాస్త పక్కకు వెళ్ళి తాగమని ఎలా అడగాలి?

కిటికీపక్కసీటు
ఇవాళ పొద్దున జరిగింది రాస్తున్నా, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. వాన పడుతోంది. బస్టాప్ షెల్టర్ కింద అందరం ఇరుక్కుని నిలబడ్డాం. పక్కన అమ్మ ఉంది. ఆవిడకు ఎప్పటినుంచో ఉబ్బసం. ఒకాయన సరిగ్గా అమ్మ పక్కనే సిగరెట్ వెలిగించాడు. గాలి ఆడడం లేదు, పొగంతా పైన రేకు కిందే తిరుగుతోంది. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, అయినా దగ్గు ఆగలేదు. "అన్నా, అమ్మకు ఆయాసం ఉంది, కాస్త ఆ చివరికి వెళ్ళి తాగుతారా" అని అడిగా. గొంతు కూడా పెంచలేదు. "రోడ్డు మీ అబ్బ సొత్తా? ఇబ్బందయితే మీరే పోండి" అన్నాడు. పోవాలంటే వానలోకి పోవాలి. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరు నోరు మెదపలేదు, అందరూ ఫోన్లలోకి తలలు దించేశారు. చివరికి మేమే గొడుగు వేసుకుని బయట నిలబడ్డాం.

ఇలాంటప్పుడు గొడవ కాకుండా ఎలా అడగాలో చెప్పండి. ఇక్కడ సిగరెట్ తాగేవాళ్ళు కూడా ఉంటారు కదా, మీ మాట కూడా వినాలని ఉంది. అలా అడిగితే మీకు నిజంగా అవమానంగా ఉంటుందా?

రాత్రిషిఫ్ట్
మీరు అడిగిన తీరులో తప్పేం లేదు. ఇంతకంటే మెత్తగా ఎవరూ అడగలేరు.

ముక్కుసూటి
అలాంటివాళ్ళతో మర్యాదేమిటండీ. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. ఈయన సరిగ్గా ఆ రకం. పక్కన మనిషి ఊపిరాడక దగ్గుతుంటే రోడ్డు ఎవరి సొత్తో లెక్కలు తేలుస్తున్నాడు.

నిప్పురవ్వ
నేను తాగుతాను, చాలా ఏళ్ళుగా. ముందు మీ ప్రశ్నకు జవాబు: అలా అడిగితే నాకు అవమానంగా ఉండదు. ఆయాసం ఉన్న పెద్దావిడ పక్కన వెలిగించడమే తప్పు, అడిగాక కసరడం ఇంకా తప్పు. ఆయన తరఫున నేనేం వాదించను.

కానీ మా వైపు కూడా ఒకసారి చూడండి. నేను ఎప్పుడూ జనానికి దూరంగా, గాలి ఎటు వీస్తోందో చూసుకుని నిలబడతాను. అంత దూరం వెళ్ళినా అక్కడికి పనిగట్టుకుని వచ్చి "ఇలా తాగితే తొందరగా పోతావు" అని చెప్పి వెళ్ళేవాళ్ళున్నారు. లిఫ్ట్‌లో నన్ను చూడగానే ముక్కు మూసుకునేవాళ్ళున్నారు, అప్పుడు నేను తాగి కూడా ఉండను. రోజూ ఇలా పడీ పడీ, ఎవరైనా "అన్నా" అని పిలవగానే తిట్టడానికే వచ్చారేమో అనిపిస్తుంది. మీరు మెత్తగా అడిగినా ఆయన చెవికి అది మెత్తగా వినపడకపోయి ఉండొచ్చు. అంత మాత్రాన ఆయన చేసింది సరైనదని కాదు.

ముక్కుసూటి
@నిప్పురవ్వ దూరంగా వెళ్ళి తాగేవాళ్ళు నూటికి ఎంతమంది? మీలాంటి ఒకరిని చూపించి మిగతా వాళ్ళందరినీ కాపాడకండి.

నిప్పురవ్వ
నేనెవర్నీ కాపాడడం లేదు. దూరంగా వెళ్ళినవాళ్ళు మీ కంటికి కనపడరు, అంతే. కనపడేది తలుపు దగ్గర నిలబడేవాడే.

ఊపిరిగది
ఊపిరితిత్తుల వార్డులో పనిచేస్తాను. @కిటికీపక్కసీటు, అమ్మగారి విషయంలో మీరు మరీ సున్నితంగా ఆలోచిస్తున్నానేమో అని అనుమానపడకండి. ఉబ్బసం ఉన్నవాళ్ళ శ్వాసనాళాలు ముందే వాచి ఉంటాయి. కొంచెం పొగ తగిలినా చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, దారి సన్నబడుతుంది. పక్కవాళ్ళకు "కాస్త పొగే కదా" అనిపించేది వాళ్ళకు నిజంగానే ఊపిరాడని పరిస్థితి.

చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్తాను. పక్కవాళ్ళకు తగిలే పొగలో ఎక్కువ భాగం తాగేవాళ్ళు నోట్లోంచి వదిలింది కాదు. సిగరెట్ చివర ఊరికే కాలుతున్నప్పుడు పైకి లేచే సన్నటి పొగ ఉంటుంది చూడండి, సుమారు 85 శాతం అదే. అది ఫిల్టర్ గుండా రాదు, తక్కువ వేడిలో సగం సగం కాలి వస్తుంది. అందుకే "నేను మొహం అటు తిప్పి వదులుతున్నాగా" అంటే సరిపోదు. వేళ్ళ మధ్య సిగరెట్ ఎటువైపు ఉందన్నదే అసలు సంగతి. ఆ పొగలో 7,000కు పైగా రసాయనాలుంటే వాటిలో 70 దాకా క్యాన్సర్ తెచ్చేవి. ఇంత వరకు పీలిస్తే ఫర్వాలేదు అనే హద్దే లేదని 2006లో అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రధాన ఆరోగ్యాధికారి) నివేదిక తేల్చి చెప్పింది.

కిటికీపక్కసీటు
@ఊపిరిగది థాంక్స్ అండి. బస్సెక్కాక ఇన్‌హేలర్ వేసుకుంటే గానీ అమ్మ కుదుటపడలేదు. అందుకే నాకు అంత కోపం వచ్చింది.

లెక్కలమాస్టారు
85 శాతం అన్న మాట మీద ఒకటి జోడిస్తాను. పక్కవాళ్ళ పొగ సంగతి ప్రపంచం పట్టించుకోవడం మొదలైంది ఇళ్ళలోంచే. జపాన్‌లో హిరాయామా తకేషి అనే పరిశోధకుడు సిగరెట్ ముట్టని 91,540 మంది భార్యలను 14 ఏళ్ళ పాటు గమనించాడు. భర్తలు బాగా సిగరెట్లు కాల్చే ఇళ్ళలో భార్యలకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా వచ్చిందని 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించాడు. సిగరెట్ కంపెనీలు గట్టిగా కొట్టిపారేయాలని చూశాయి, కానీ తర్వాత వచ్చిన అధ్యయనాలూ అదే వైపు నిలబడ్డాయి. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా పది లక్షల మందికి పైగా, తాము తాగని సిగరెట్‌కు చనిపోతున్నారు.

ఒకేఒక్కడు
అది ఇంట్లో ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళ సంగతి. ఇక్కడ మాట్లాడుతున్నది బస్టాప్. ఐదు నిమిషాల్లో బస్సు వస్తుంది. రోడ్డు మీద లారీలు, బస్సులు కక్కే పొగ రోజంతా పీలుస్తూ ఒక్క సిగరెట్ కనపడగానే గుండెలు బాదుకోవడం నాకు అర్థం కాదు. కొనుక్కోవడం చట్టప్రకారం తప్పు కానప్పుడు తాగేవాణ్ణి దొంగలా చూడడం ఎందుకు?

రాత్రిషిఫ్ట్
@ఒకేఒక్కడు లారీ పొగ గురించి కూడా గొడవ చేస్తూనే ఉన్నాం కదా. ఒక పొగ ఉందని ఇంకో పొగ భరించాలా?

ఊపిరిగది
@ఒకేఒక్కడు ఐదు నిమిషాలు చాలు. పైన పోస్టు పెట్టినావిడ వాళ్ళమ్మకు పట్టింది అంత సేపే. లారీ పక్కకు వచ్చి ఆవిడ మొహానికి అడుగు దూరంలో పొగ వదల్లేదు కదా.

లెక్కలమాస్టారు
దూరం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఆరుబయట సిగరెట్ పొగ ఎంత దూరం ప్రభావం చూపిస్తుందో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొలిచి 2007లో ప్రచురించారు. తాగేవాళ్ళకు అర మీటరు లోపు, గాలి వాలున కూర్చుంటే పొగ మోతాదు ఇంట్లో తాగినప్పుడు ఉన్నంత స్థాయికి పోతుంది. రెండు మీటర్లు దాటితే ఒక్క సిగరెట్ పొగ దాదాపు మామూలు గాలిలో కలిసిపోతుంది. ఆర్పేసిన వెంటనే తగ్గిపోతుంది కూడా.

అంటే ఆరుబయట నాలుగైదు పెద్ద అడుగులు జరిగితే చాలావరకు సమస్య తీరిపోతుంది. @ఒకేఒక్కడు, అడిగింది మానేయమని కాదు, ఆ నాలుగడుగులే. కానీ షెల్టర్ కింద, రేకు కింద, జనం గుమిగూడిన చోట ఈ లెక్క పనిచేయదు. అది ఆరుబయటలా కనిపిస్తుందే గానీ పొగకు మాత్రం గదే.

ముక్కుసూటి
మరి అందరి చేతికీ ఓ టేపు ఇచ్చేద్దాం మాస్టారూ :)

నిప్పురవ్వ
టేపు అక్కర్లేదు, నా దగ్గర అగ్గిపుల్ల ఉంది. ఆర్పాక పొగ ఎటు పోతోందో చూస్తే చాలు, ఎవరి మొహం మీదికి పోతోందో తెలిసిపోతుంది. నిజంగానే అలాగే చూసుకుంటాను.

ట్రేమోసినచెయ్యి
బస్టాప్‌లో కనీసం గొడుగు వేసుకుని పక్కకు పోవచ్చు. నాలాంటివాళ్ళ గురించి ఎవరూ అనలేదు. హోటల్లో సిగరెట్ తాగేవాళ్ళకు వేరే హాలు ఉండేది, నన్ను అక్కడే వేశారు. పని వదిలేసి పక్కకు పోలేం కదా. షిఫ్ట్ అయ్యేసరికి కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారేవి. ఇంటికెళ్ళి చొక్కా విప్పి బకెట్లో ముంచితే నీళ్ళు పచ్చగా మారేవి. నేను ఒక్క సిగరెట్ తాగి ఎరగను. "ఏసీ ఉంది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది, ఇంకేం కావాలి" అనేవాడు మేనేజరు. ఒక్క కస్టమరు కూడా వెలిగించే ముందు నా మొహం వైపు చూసింది లేదు. చెడ్డవాళ్ళని కాదు, టిప్పు బాగానే ఇచ్చేవారు. అక్కడ ఊపిరి పీల్చే మనిషి ఒకడున్నాడని వాళ్ళకు తట్టేది కాదు, అంతే.

ఊపిరిగది
@ట్రేమోసినచెయ్యి ఎగ్జాస్ట్ ఫ్యాన్ గురించి మీ మేనేజరు చెప్పింది పూర్తిగా తప్పు. ఫ్యాను వాసన తగ్గిస్తుంది, పొగలోని సన్నటి కణాలను, వాయువులను పూర్తిగా తీసేయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందం 2005లో అమల్లోకి వచ్చింది. అందులో 8వ అధికరణం పక్కవాళ్ళ పొగ నుంచి కాపాడడం గురించే. దాని మార్గదర్శకాలు వెంటిలేషన్‌తో గానీ వేరే గదితో గానీ పని జరగదని, భవనం లోపల అసలు పొగే ఉండకూడదని చెప్తాయి. మీరు అనుభవించినదే వాళ్ళు రాసిపెట్టారు.

లెక్కలమాస్టారు
ఈ నియమాలు చాలా చోట్ల కస్టమర్ల కోసం కంటే పనివాళ్ళ కోసమే వచ్చాయి. పబ్బులతో సహా పనిచేసే చోట్లన్నిటిలో దేశం మొత్తం మీద సిగరెట్ ఆపేసిన మొదటి దేశం ఐర్లండ్, 2004 మార్చి 29న. పబ్బులో సిగరెట్ లేకుండా ఎలా అని ముందు గొడవ చేశారు. తర్వాత తలుపు బయటికి వెళ్ళి తాగి రావడం అలవాటైపోయింది. ఇంగ్లండ్ 2007లో అదే దారి పట్టింది.

ఒకేఒక్కడు
లోపల వద్దంటే సరే, అది ఒప్పుకుంటా. హోటల్లో అతనికి జరిగింది అన్యాయమే. కానీ లోపల వద్దన్నారు, తలుపు దగ్గర వద్దన్నారు, ఇప్పుడు రోడ్డు మీద కూడా వద్దంటున్నారు. చివరికి మేం ఎక్కడ తాగాలి? ఆ మాట ఎవరూ చెప్పరు. చోటు చూపించకుండా పొమ్మంటే ఎక్కడికి పోతాం?

ఆఫీసుమెట్లు
@ఒకేఒక్కడు అడిగింది సరైన ప్రశ్న. మా ఆఫీసులో ఇదే గొడవ. సిగరెట్ తాగేవాళ్ళంతా మెయిన్ డోర్ ముందు గుంపుగా నిలబడేవాళ్ళు. లోపలికి వచ్చే ప్రతివాళ్ళూ ఊపిరి బిగబట్టుకుని పరిగెత్తేవాళ్ళు. మెయిళ్ళ మీద మెయిళ్ళు నడిచాయి, మాటలు పెరిగాయి. వాళ్ళు అక్కడే ఎందుకు నిలబడుతున్నారని ఎవరూ ఆలోచించలేదు. తీరా చూస్తే, పీకలు వేసే ఇసుక డబ్బా ఆఫీసువాళ్ళే తలుపు పక్కన పెట్టించారు! దాన్ని పార్కింగ్ అవతలికి మార్చారు, ఇప్పుడు మనుషులూ అక్కడికే పోతున్నారు. నోటీసు బోర్డు వల్ల కాని పని డబ్బా చేసింది.

రాత్రిషిఫ్ట్
మా దగ్గర గొడవ వాసన గురించి కాదు, బ్రేకుల గురించి. "వాళ్ళు గంటకోసారి సిగరెట్‌కి పోతారు, ఆ ఫోన్లు కూడా మేమే ఎత్తాలి" అని ఏడుపు. నాకూ సబబే అనిపిస్తుంది.

వానాకాలం
బ్రేకుల మాట వచ్చింది కాబట్టి నేనూ చెప్తా. నేను ఆడదాన్ని, సిగరెట్ తాగుతాను. ఆఫీసులో మగవాళ్ళు పదిమంది నిలబడి తాగుతుంటే ఎవరికీ పట్టదు. నేను ఒక్కదాన్ని దూరంగా గోడ పక్కన నిలబడితే తలలన్నీ ఇటే తిరుగుతాయి. ఒకసారి ఒకడు ఫోటో తీశాడు. అడిగితే "పబ్లిక్ ప్లేసే కదా" అన్నాడు. నా పొగ ఎవరికీ తగలడం లేదు, వాళ్ళకు ఇబ్బంది నా పొగతో కాదు, నాతో. సిగరెట్ తాగనివాళ్ళ ఆరోగ్యం గురించి మాట్లాడుతుంటే నేను వింటాను, పక్కకు జరుగుతాను. నా నడత గురించి మాట్లాడేవాళ్ళకు మాత్రం జవాబు చెప్పను.

ముక్కుసూటి
@వానాకాలం ఫోటో తీసినవాడిది తప్పు, అందులో రెండో మాట లేదు. పొగ నా ముక్కుదాకా వస్తేనే నాకు మాట్లాడే హక్కు. తాగేది మగా ఆడా అన్నది నా లెక్కలోకి రాదు.

కిటికీపక్కసీటు
ఇన్ని మాటలు వస్తాయనుకోలేదు. @వానాకాలం గారు చెప్పింది చదివి మనసుకు కష్టమనిపించింది.

మానేసినోడు
మానేసి చాలా కాలమైంది. @ముక్కుసూటి గారూ, మీ కోపం అర్థమైంది, కానీ తాగేవాడి ఒంట్లో ఏం జరుగుతుందో కూడా తెలుసుకోండి. రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటలకు సగానికి తగ్గిపోతుంది. తగ్గుతున్న కొద్దీ చిరాకు, తలపోటు, చేతులకు పని తోచకపోవడం. మానేసిన మొదటి రెండు మూడు రోజులు మరీ నరకం, మొత్తం సర్దుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పొద్దున్నే బస్టాప్‌లో వెలిగించేవాళ్ళలో చాలామంది రాత్రంతా నికోటిన్ లేకుండా లేచినవాళ్ళు. ఆ టైములో మనిషి పుల్లవిరుపుగానే మాట్లాడతాడు. అదేం సాకు కాదు, ఆయన రెండడుగులు వేసి ఉండాల్సింది. కానీ "కొవ్వెక్కి" అన్నాడని అనుకుంటే మీ గొంతు ఒకలా లేస్తుంది, అలవాటు పీకుతోందని తెలిస్తే ఇంకోలా వస్తుంది.

ఒక్కటి ఖాయంగా చెప్తా. నన్ను తిట్టి మాన్పించినవాళ్ళు ఒక్కరూ లేరు. తిట్టిన ప్రతిసారీ బయటికెళ్ళి ఇంకోటి వెలిగించేవాణ్ణి. మా అక్క మాత్రం ఎప్పుడూ మానేయమనలేదు. "పిల్లల గదిలో వద్దు తమ్ముడూ, వరండాలో కూర్చో, నేనూ వస్తా" అనేది. అలా వరండాలో కూర్చున్నప్పుడే డాక్టరు దగ్గరికి పోదామా అని మాట వచ్చింది.

నిప్పురవ్వ
@మానేసినోడు మీ అక్కగారికి నా తరఫున దండం పెట్టండి.

నాలుగోఅంతస్తు
నాదో సందేహం. అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాట్ ఆయన బాల్కనీలో తాగుతాడు. పొగ నేరుగా మా పాప పడుకునే గదిలోకి వస్తుంది. ఆయన ఇంట్లో ఆయన తాగుతున్నాడు, అడిగే హక్కు నాకుందా? కిటికీ మూస్తే ఉక్క, తీస్తే పొగ. రాత్రి పదిన్నరకు లేచి కిటికీ మూయడం నా డ్యూటీ అయిపోయింది.

ఒకేఒక్కడు
@నాలుగోఅంతస్తు ఇంట్లో కూడా తాగకూడదంటే ఇంక మనిషి బతకక్కర్లేదు.

ఊపిరిగది
@ఒకేఒక్కడు పాప కూడా తన ఇంట్లోనే పడుకుంటోంది కదా. పిల్లలు పెద్దవాళ్ళ కంటే వేగంగా ఊపిరి తీసుకుంటారు, ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూ ఉంటాయి. చెవి ఇన్‌ఫెక్షన్లు, ఉబ్బసం పెరగడం, ఇవన్నీ పొగ ఉన్న ఇళ్ళలో ఎక్కువ.

నిప్పురవ్వ
@నాలుగోఅంతస్తు కమిటీకి ఫిర్యాదు పెట్టకండి, వాట్సప్ గ్రూపులో అసలు రాయకండి. అందరి ముందు పేరు పెడితే నేనైతే పంతానికి పోతాను. సాయంత్రం ఆయన తాగని టైములో తలుపు కొట్టండి. "మీ బాల్కనీ పైన మా పాప గది, పొగ అక్కడికి వస్తోందని మీకు తెలిసి ఉండదు" అని మొదలుపెట్టండి. చాలామందికి నిజంగానే తెలియదు. పొగ పైకి పోతుందని తెలుసు, పైన ఎవరున్నారో తెలియదు. వేరే వైపు బాల్కనీ ఉందా, టెర్రస్ మీదికి వెళ్ళగలరా అని ఆయన్నే అడగండి. దారి ఆయన చెప్పినట్టు ఉంటే నిలబడుతుంది.

ముక్కుసూటి
నేనైతే కమిటీకే రాస్తా. తలుపు కొట్టి బతిమాలుకోవడం ఏమిటి, అది మన హక్కు.

నాలుగోఅంతస్తు
@ముక్కుసూటి హక్కే, కానీ రోజూ మెట్ల మీద ఎదురుపడే మనిషి. ముందు తలుపు కొడతాను.

వెనకసీటు
కార్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని అద్దం దించి తాగేవాళ్ళ గురించి కూడా రాయండి ఎవరైనా. మా బంధువొకాయన ఇలాగే చేస్తాడు. "అద్దం దించాగా" అంటాడు. వెనక కూర్చున్న పిల్లాడు చొక్కా ముక్కు మీదికి లాక్కుంటాడు పాపం.

లెక్కలమాస్టారు
అద్దం దించినా పొగంతా బయటికి పోదు, వెనక సీటు దాకా వస్తుంది. 18 ఏళ్ళ లోపు పిల్లలుంటే కార్లో సిగరెట్ తాగడం ఇంగ్లండ్‌లో 2015 అక్టోబర్ 1 నుంచి నేరం. ఎదురు చెప్పలేని వాళ్ళ కోసం చట్టం మాట్లాడాల్సి వచ్చింది.

కొత్తగాచేరా
మరి ఈ-సిగరెట్? మా ఫ్రెండ్ అది ఆవిరే అంటాడు, రూములోనే పీలుస్తాడు.

ఊపిరిగది
@కొత్తగాచేరా ఆవిరి కాదు. అందులో నికోటిన్, సన్నటి కణాలు, ఇంకొన్ని రసాయనాలు ఉంటాయి. కాల్చే సిగరెట్ పొగంత కాకపోవచ్చు, అయినా మూసిన గదిలో పక్కవాళ్ళు పీల్చేది మంచి గాలి మాత్రం కాదు. బయటికి వెళ్ళమనండి.

చీపురుకట్ట
అందరూ పొగ గురించే మాట్లాడుతున్నారు, పీకల సంగతి? మా వీధి మేమే ఊడ్చుకుంటాం. ఎంత ఊడ్చినా సిగరెట్ పీకలు సందుల్లో, డ్రైనేజీ మూత చుట్టూ దొరుకుతూనే ఉంటాయి. చాలామంది అది దూది అనుకుని పారేస్తారు, మట్టిలో కలిసిపోతుందని. ఫిల్టర్ దూది కాదు, సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్. ఒక పీక విప్పి చూశాను, సన్నటి తెల్లటి దారాలు, లోపల తేనెరంగు మరక. ఆ మరకే వాన నీళ్ళలోకి దిగుతుంది. మర్యాద గురించి మాట్లాడేటప్పుడు ఊడ్చేవాళ్ళను కూడా లెక్కేసుకోండి.

వానాకాలం
@చీపురుకట్ట నా బ్యాగులో మూత ఉన్న చిన్న రేకు డబ్బా ఉంటుంది, పీకలు అందులోనే. జపాన్‌లో ఇలాంటి జేబు డబ్బాలు చాలామంది పెట్టుకుంటారు. అక్కడ విచిత్రమేమిటంటే రోడ్ల మీద నిషేధమే ముందు వచ్చింది. టోక్యోలోని చియోదా వార్డు 2002లోనే వీధుల్లో నడుస్తూ తాగితే జరిమానా పెట్టింది. హోటళ్ళ లోపల నియమాలు దేశమంతా గట్టిగా అమలయ్యేసరికి 2020 వచ్చింది. వీధిలో వద్దనడానికి ఒక కారణం పీకలు, ఇంకోటి కాలడం. పెద్దవాళ్ళు చెయ్యి కిందికి వేలాడేసి నడుస్తుంటే సిగరెట్ నిప్పు సరిగ్గా చిన్నపిల్లల మొహం ఎత్తులో ఉంటుంది.

వెనకసీటు
అది నేనెప్పుడూ గమనించలేదు. రద్దీలో పిల్లాణ్ణి నడిపించేటప్పుడు ఇక చూసుకోవాలి.

మానేసినోడు
@ఒకేఒక్కడు ఇందాక "మేం ఎక్కడ తాగాలి" అన్నావు కదా తమ్ముడూ. విమానాల్లో సిగరెట్ నిషేధం వచ్చి చాలా కాలమైంది. 1992లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1996 కల్లా అంతర్జాతీయ విమానాల్లో ఆపేయమని దేశాలను కోరింది. అయినా ఇప్పటికీ విమానం టాయిలెట్ తలుపు మీద యాష్ ట్రే ఉంటుంది, ఉండాలని నియమం. నిషేధం ఉన్నా ఎవడో ఒకడు వెలిగిస్తాడు, వాడు భయపడి కాగితాల డబ్బాలో పడేస్తే మంట. అందుకే ఆర్పడానికి ఒక చోటు ఉంచారు. నాకు ఈ పద్ధతి నచ్చుతుంది. వద్దని గట్టిగా చెప్పాలి, అయినా తప్పేవాడికి అందరికీ ప్రమాదం కాని దారి కూడా ఉంచాలి.

ఒకేఒక్కడు
ఇది తెలియదు అన్నా. నేను అడిగేదీ అదే, డబ్బా పెట్టండి, చోటు చూపించండి, పోతాం. చోటే లేకుండా బోర్డు మాత్రం తగిలిస్తే కోపం వస్తుంది.

ముక్కుసూటి
చోటు లేకపోతే బస్సు దిగేదాకా ఆగాలి. దగ్గుతున్న మనిషి ఊపిరి ఆపుకోలేడు, తాగే మనిషి ఆగగలడు. ఈ తేడా మాత్రం నేను వదలను.

నిప్పురవ్వ
@ముక్కుసూటి అందులో మీదే న్యాయం. ఆగగలం. కష్టంగా ఉంటుంది, కానీ ఆగగలం.

కిటికీపక్కసీటు
అసలు అడిగేటప్పుడు ఏ మాటలు వాడాలో ఇంకా తేలలేదు. ఎవరైనా చెప్పండి, నిజంగా మళ్ళీ అవసరమవుతుంది.

మానేసినోడు
వెలిగించకముందే అడగండి. పెట్టె జేబులోంచి తీసేటప్పుడు అడిగితే "అలాగే" అంటారు. వెలిగించాక సగం సిగరెట్ పారేయమన్నట్టు ఉంటుంది, అక్కడే మొండికేస్తారు. ఆరోగ్యం గురించి, క్యాన్సర్ గురించి ఒక్క ముక్క అనకండి. ఎవరికి ఇబ్బందో, ఎటు జరగాలో చెప్పండి చాలు.

రాత్రిషిఫ్ట్
అడిగాక ఆయన్నే చూస్తూ నిలబడొద్దు. ఒక చూపు చూసి అటు తిరగండి. గుడ్లప్పగించి చూస్తే ఎవడికైనా పౌరుషం వస్తుంది.

ముక్కుసూటి
ఒక్కసారి మర్యాదగా, రెండోసారి గట్టిగా. మూడోసారి ఉండదు, బస్టాప్‌లో ఉన్నవాళ్ళను పిలవడమే.

వానాకాలం
పిలిచినా రారు కదా, అదే ఆవిడ బాధ. పక్కవాళ్ళు ఒక్క మాట తోడు వేస్తే చాలు. అదీ సిగరెట్ తాగేవాళ్ళే వేస్తే ఇంకా మంచిది. నేను ఉంటే "భయ్యా, రా, అటు నిలబడదాం, నేనూ వెలిగిస్తా" అనేదాన్ని. గొడవ అక్కడితో ఆగేది, పెద్దావిడకు గాలి దొరికేది.

ట్రేమోసినచెయ్యి
ఈ మాట నచ్చింది. నేను పనిచేసిన చోట ఒక్కరు అలా లేచినా నాకు చాలా తేడా పడేది.

ఆఫీసుమెట్లు
@కిటికీపక్కసీటు షెల్టర్ చూసుకునేవాళ్ళు ఎవరో కనుక్కుని డబ్బా గురించి రాతపూర్వకంగా అడగండి. మా అనుభవం చెప్తున్నా, రెండు విషయాలు తప్పకుండా రాయండి. డబ్బా షెల్టర్‌కు కనీసం నాలుగైదు మీటర్ల అవతల ఉండాలి. దాని మీద చిన్న రేకైనా వేయించాలి. మేం మొదట పైన ఏం లేకుండా పెట్టాం, ఎండాకాలమంతా బాగానే నడిచింది, మొదటి జల్లు పడగానే అందరూ మళ్ళీ మెయిన్ డోర్ దగ్గరికే వచ్చేశారు. రేకు వేయించాక కదల్లేదు. అర్జీ ఎలా రాయాలో కావాలంటే చెప్పండి, మాది పంపిస్తా.